పాడే నటి కెరీర్‌ను కాగితం మీద పెట్టడం ఎలా: కన్నాంబ ఉదాహరణగా

పాతతరం నటి గురించి రాయాలనుకున్నవాళ్లు చాలామంది ముందు సినిమాల జాబితా ఒకటి వెతికి, దాన్ని సంవత్సరాల వరసలో దించుకుని, మధ్యలో ఖాళీలు పూరించుకుంటూ పోతారు. 1960ల తర్వాత వచ్చిన నటీమణులకు ఆ పద్ధతి ఎలాగోలా సరిపోతుంది. నాటకాల్లో పద్యాలు పాడి, గ్రామఫోన్ ప్లేట్లు ఇచ్చి, టాకీల్లో సొంత గొంతుతో పాడి, నేపథ్యగానం వచ్చాక పాటల్లేని తల్లి వేషాల్లోకి వెళ్లినవాళ్లకు మాత్రం అస్సలు సరిపోదు. నాటకం, ప్లేటు, సినిమా అనే మూడూ ఒకే కాలంలో పక్కపక్కనే నడిచాయి. ఒకే వేషం మూడుచోట్లా కనబడుతుంది. ఆ మూడింటినీ మొదటిరోజు నుంచే విడదీసి రాసుకోకపోతే తర్వాత ఎంత కష్టపడ్డా చిక్కు వీడదు.

ఇక్కడ పసుపులేటి కన్నాంబను ఉదాహరణగా తీసుకుందాం. నాటకరంగం నుంచి 1935లో 'హరిశ్చంద్ర'లో చంద్రమతిగా తెరమీదికి వచ్చారు. అందులో హరిశ్చంద్రుడు అద్దంకి శ్రీరామమూర్తి. 1936లో 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో ద్రౌపది, 1937లో 'సారంగధర'లో చిత్రాంగి, 1938లో 'గృహలక్ష్మి'లో రాధ. ఆ తర్వాత తమిళంలోకి వెళ్లి 1941లో 'అశోక్ కుమార్'లో తిష్యరక్షిత, 1942లో 'కణ్ణగి'. 1947లో 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మ, 1954లో 'మనోహర'లో పద్మావతి, 1963లో 'లవకుశ'లో కౌసల్య. 1964 మే 7న కన్నుమూశారు. ఇదే పద్ధతి ఋష్యేంద్రమణికి, ఎస్. వరలక్ష్మికి, టి.జి. కమలాదేవికి కూడా పనికొస్తుంది.

పట్టిక గీయడం

కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్ అయినా సరే, అడ్డగీతల రిజిస్టరయినా సరే. ఒక్కో వరసలో ఒక్క సంఘటన మాత్రమే రాయాలి: ఒక రాత్రి ఆడిన నాటకం, ప్లేటుకు ఒక వైపు, ఒక భాషలో ఒక సినిమా. నిలువు గళ్లు పది పెట్టుకోండి. తేదీ, ఆ తేదీ ఎంత ఖాయం, మాధ్యమం, పేరు, భాష, వేషం, వినబడే గొంతు ఎవరిది, ఆధారం, ఆ ఆధారం ఇప్పుడు ఎక్కడుంది, సినిమా ప్రింటుగానీ ప్లేటుగానీ మిగిలి ఉందా. పదీ అక్కర్లేదనిపించినా 'వినబడే గొంతు', 'తేదీ ఎంత ఖాయం' అనే రెండు గళ్లు మాత్రం తీసెయ్యకండి. తర్వాత వచ్చే తగాదాలన్నీ ఈ రెండింటి దగ్గరే వస్తాయి.

తేదీ ఖాయం అనే గడిలో మూడక్షరాలు చాలు. ఆనాటి ముద్రిత కాగితం మీద రోజుతో సహా ఉంటే 'క'. సంవత్సరం మాత్రమే తేలితే 'ఖ'. తర్వాతి కాలంలో ఎవరో చెప్పినదో రాసినదో అయితే 'గ'. మూడు చోట్ల ఒకే 'గ' కనబడిందని దాన్ని 'ఖ' చెయ్యకూడదు. ఆ మూడూ ఒకరినుంచి ఒకరు దించుకున్నవే అయి ఉంటాయి. కన్నాంబ పుట్టిన సంవత్సరం 1911 అనీ 1912 అనీ రెండూ అచ్చులో కనబడతాయి. అలాంటప్పుడు రెండు వరసలూ రాసి రెంటికీ 'గ' పెట్టి వదిలెయ్యడమే మర్యాద. ఒకటి ఎంచుకుని రెండోది చెరిపేస్తే తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ మొదటినుంచీ వెతుక్కోవాలి.

ఈ క్రమశిక్షణ ఎందుకంటే 'భక్త ప్రహ్లాద' సంగతి గుర్తు చేసుకుంటే చాలు. మన తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలూ పత్రికలూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆధారాలు తవ్వితే సెన్సారు సర్టిఫికెట్ తేదీ 1932 జనవరి 22 అని, బొంబాయి కృష్ణా థియేటర్లో విడుదల 1932 ఫిబ్రవరి 6న అని తేలింది. సెన్సారు కాకుండా సినిమా విడుదల కాదు కాబట్టి వాదనకు తావే లేకుండా పోయింది. ఆ సినిమాలో లీలావతి వేసిన సురభి కమలాబాయి కెరీర్ పట్టిక కూడా ఆ ఒక్క కాగితంతో మారిపోతుంది.

ఒకే పేరుతో వచ్చే తిప్పలు

పౌరాణికాలూ జానపదాలూ మళ్లీ మళ్లీ తీసిన పరిశ్రమ మనది. 'సారంగధర' పేరు మీద 1937లో కన్నాంబ చిత్రాంగి, 1957లో భానుమతి చిత్రాంగి. 'పల్నాటి యుద్ధం'లో 1947లో నాగమ్మ కన్నాంబ, 1966లో నాగమ్మ భానుమతి. 'శ్రీకృష్ణ తులాభారం' అయితే మూడు: సత్యభామగా 1935లో ఋష్యేంద్రమణి, 1955లో ఎస్. వరలక్ష్మి, 1966లో జమున. 1936లో ద్రౌపది కథ మీదే పోటీగా రెండు సినిమాలు వచ్చాయి, 'ద్రౌపదీ వస్త్రాపహరణం', 'ద్రౌపదీ మానసంరక్షణం'. కన్నాంబది మొదటిది. పేరున్న నాటక నటుడు బళ్లారి రాఘవ ఉన్నది రెండోది. పట్టికలో పేరు ఎప్పుడూ సంవత్సరంతో, భాషతో కలిపే రాయండి: '1937-తె-సారంగధర' అన్నట్టు. స్కాన్ చేసిన ఫైళ్లకూ అదే పేరు పెట్టుకుంటే వెతుకులాట ఉండదు.

మనుషుల పేర్లతోనూ ఇదే గొడవ. ఎస్. వరలక్ష్మి వేరు, జి. వరలక్ష్మి వేరు. ఇద్దరూ పాడేవారే, ఇద్దరూ ఒకే కాలంలో ఉన్నారు. గాయని ఆర్. బాలసరస్వతీదేవి, నటి సురభి బాలసరస్వతి, మద్రాసు నర్తకి టి. బాలసరస్వతి ముగ్గురూ వేరువేరు. ఇంటిపేరు అక్షరం లేకుండా 'వరలక్ష్మి' అని ఉన్న ప్రకటనను ఎవరి ఖాతాలోనూ వెయ్యకండి, విడిగా ఒక పేజీలో పెట్టండి. పత్రికల స్కాన్లలో వెతికేటప్పుడు 'కన్నాంబ' ఒక్కటే కొడితే సగం దొరకవు. 'కన్నాంబా', 'కణ్ణాంబా', 'పి. కన్నాంబ', 'శ్రీమతి కన్నాంబ' అన్నీ కొట్టాలి. పాత అచ్చుల్లో సున్న చెరిగిపోయి ఉంటే యంత్రం దాన్ని చదవలేదు. అలాంటి సంచికల్ని కంటితో తిరగెయ్యడం తప్ప మార్గం లేదు.

నాటకం: కరపత్రాలు, తెలుగు సంవత్సరాలు

అన్నిటికన్నా తక్కువ ఆధారాలు మిగిలింది నాటకాలకే. దొరికేవి కరపత్రాలు, గోడపత్రికలు, పత్రికల్లో చిన్న ప్రకటనలు, సన్మానపత్రాలు. కరపత్రం మీద 'శనివారం రాత్రి 9 గంటలకు' అని ఉంటుంది, ఏ సంవత్సరమో ఉండదు. ఉన్నా తెలుగు సంవత్సరం ఉంటుంది. 'యువ' అంటే 1935 ఉగాది నుంచి 1936 ఉగాది దాకా. 'ధాత' 1936-37, 'ఈశ్వర' 1937-38, 'బహుధాన్య' 1938-39. 'ధాత నామ సంవత్సర మాఘమాసం' అని ఉన్నదాన్ని 1936 అని రాసేస్తే ఏడాది తప్పుతుంది. అది 1937 మొదటి నెలల మాట. వారం, తిథి రెండూ ఉంటే పాత పంచాంగంతో సరిచూసి రోజును కూడా పట్టుకోవచ్చు. అప్పుడు మాత్రమే 'ఖ' నుంచి 'క'కి ఎక్కించండి.

'ఏ కంపెనీలో చేశారు?' అన్న ప్రశ్నకు ఎప్పుడూ ఒక్క జవాబు ఉండదు. సురభి వాళ్లలాగా కుటుంబమంతా ఒకే సమాజంగా తిరిగినవాళ్లు ఉన్నారు. వనారస గోవిందరావు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలుపెట్టిన ఆ సమాజాల్లో స్త్రీ వేషాలు స్త్రీలే కట్టేవారు. మిగతాచోట్ల కాంట్రాక్టు నాటకాల పద్ధతి నడిచింది. కాంట్రాక్టరు ఒక్కో ఊరినుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి రప్పించి, ఆ ఒక్క రాత్రికి జట్టు కట్టేవాడు. ఇవాళ తెనాలిలో ఒక హరిశ్చంద్రుడితో చంద్రమతి వేస్తే ఎల్లుండి గుడివాడలో ఇంకొకరితో. అందుకని కంపెనీ గడి పెట్టకుండా ఊరు, కాంట్రాక్టరు, ఎదుటి వేషం ఎవరిది అని రాసుకోవడమే ఉపయోగం. ఎదుటి నటుల పేర్లు రెండు మూడు కరపత్రాల్లో కలిస్తే ఒకదాని తేదీతో ఇంకోదాన్ని దాదాపుగా కట్టెయ్యచ్చు.

స్త్రీ వేషాలు మగవాళ్లు కట్టిన కాలం అప్పటికింకా ముగియలేదన్నది కూడా మరవకూడదు. సత్యభామ అంటే స్థానం నరసింహారావే అని జనం అనుకున్న రోజులవి. 'మీరజాలగలడా నా యానతి' ఆయన నాటకం కోసం తానే రాసి పాడుకున్న పాట. 1966 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో జమున మీద పి. సుశీల గొంతులో వినబడేది అదే. ఒక పాట రంగస్థలం నుంచి తెరకు రావడానికి ఎంతమంది చేతులు మారిందో 'వినబడే గొంతు' గడి చూపించాలి. ఆ పాటను సినిమా పాట అని మాత్రమే రాస్తే సగం చరిత్ర పోతుంది.

నాటకప్రవేశం గురించి చెప్పుకునే కథలు, అంటే అనుకోకుండా వేదిక ఎక్కింది, వన్స్ మోర్లతో రాత్రి తెల్లారింది లాంటివి, చాలామంది నటీమణుల గురించి ఒకే అచ్చులో ఉంటాయి. పారెయ్యకండి. పట్టికలో కాకుండా చివరి పేజీలో, ఎవరు చెప్పారో ఏ సంవత్సరంలో చెప్పారో వేసి ఉంచండి.

ప్లేట్లు: చదవడం, కడగడం, వినడం

గ్రామఫోన్ ప్లేటు మంచి సాక్షి. దానికి రెండు రకాల నంబర్లు ఉంటాయి. లేబుల్ మీద ఉండేది కేటలాగ్ నంబరు, ప్లేటుకంతా ఒక్కటే. లేబుల్‌కీ గాడులు ముగిసే చోటుకీ మధ్య లక్కలో నొక్కినట్టు కనబడేది మ్యాట్రిక్స్ నంబరు, ఒక్కో వైపుకు ఒక్కోటి. టార్చిలైటును పక్కనుంచి వాలుగా వేస్తే కనబడుతుంది. రెండూ రాసుకోవాలి. కేటలాగ్ నంబరు మారి మ్యాట్రిక్స్ అదే ఉంటే అది కొత్త రికార్డింగు కాదు, పాతదాన్నే మళ్లీ వేశారు. మ్యాట్రిక్స్ మారితే, పాట అదే అయినా వేరే రోజు పాడినది. మ్యాట్రిక్స్ నంబర్లు చాలావరకు రికార్డు చేసిన వరసలో పడతాయి కాబట్టి, తేదీ తెలిసిన రెండు ప్లేట్ల మధ్య పడిన నంబరుకు దాదాపు కాలం చెప్పొచ్చు. నాటక సెట్లకు ఇది చాలా అవసరం. నాలుగైదు ప్లేట్ల సెట్టులో ఒకటి పోయినా ఏది పోయిందో నంబరే చెబుతుంది.

కడగడంలో ఎక్కువమంది చేసే తప్పు స్పిరిట్ వాడటం. ఈ ప్లేట్లు లక్కతో చేసినవి. ఆల్కహాల్ తగిలితే లక్క కరిగి గాడి మెత్తబడుతుంది, ఆ తర్వాత ఇక బాగుపడదు. అద్దాలు తుడిచే ద్రావకాలు, శానిటైజర్ కూడా అంతే. లీటరు డిస్టిల్డ్ వాటర్లో రంగూ వాసనా లేని పాత్రల సబ్బునీళ్లు రెండు మూడు చుక్కలు కలపండి. మెత్తటి బ్రష్‌తో గాడి తిరిగే దిశలోనే రుద్దండి, అడ్డంగా వద్దు. లేబుల్ తడవకుండా దానికన్నా కొంచెం పెద్ద ప్లాస్టిక్ మూత ఒకటి అడ్డం పట్టుకోండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్తో మళ్లీ తుడిచి, నూలుపోగులు రాలని గుడ్డతో అద్ది, నిలబెట్టి నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే వంగిపోతుంది. నానబెట్టకూడదు, అంచు చిట్లిన చోటునుంచి నీరు లోపలికి పోతుంది. దాచేటప్పుడు కూడా ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగానే పెట్టాలి.

సూది విషయానికొస్తే, ఎల్పీలు వాయించే సూది మొన దాదాపు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). 78 ప్లేటు గాడి అంతకన్నా చాలా వెడల్పు. ఆ సూది పెడితే గాడి అడుగున పడి అరిగిన మట్టిని గీకుతూ పోతుంది, బరబర శబ్దం తప్ప గొంతు వినబడదు. 2.5 నుంచి 3 మిల్ సూది కావాలి, బరువు 3 నుంచి 5 గ్రాములు. ఇత్తడి గొట్టం ఉన్న పాత గ్రామఫోన్ మీద ఉక్కు సూదితో అరుదైన ప్లేటు వెయ్యకండి. చూడ్డానికి బావుంటుంది, వేసిన ప్రతిసారీ గాడి అరుగుతుంది.

వేగం ఇంకో పెద్ద సంగతి. 78 అని పిలుస్తాం కానీ మన 50 హెర్ట్‌జ్ కరెంటు దేశాల్లో లెక్క 77.92, అమెరికాలో 78.26. వేగం సరిచూసే 77 గీతల స్ట్రోబ్ కాగితం ప్లేటు మీద పెట్టి, పాతరకం ట్యూబ్‌లైటుగానీ ఫిలమెంటు బల్బుగానీ కింద చూస్తే గీతలు నిలబడినట్టు కనబడాలి. ఎల్‌ఈడీ కింద చూసి నమ్మకండి, చాలావాటికి ఆ మిణుకు ఉండదు. లేబుల్ మీద 78 అని ఉన్నా అసలు రికార్డింగు వేగం కొంచెం అటూ ఇటూ అయ్యి ఉండొచ్చు. వేగం 6 శాతం మారితే శ్రుతి ఒక స్వరస్థానం జరుగుతుంది. నాలుగు శ్రుతి గొంతు నాలుగున్నరలా వినబడి, ఆ నటి గొంతు గురించి రాసే మాటే తప్పయిపోతుంది. దీనికి హార్మోనియం సాయం చేస్తుంది. పద్యానికి వెనక వాయించేది హార్మోనియమే, దాని మెట్లు కదలవు. ప్లేటులోని ఆధారషడ్జం మీ దగ్గరున్న శ్రుతిపెట్టెలో రెండు మెట్ల మధ్య పడుతోందంటే ముందు వేగాన్నే అనుమానించండి. వెంటనే వేగం మార్చి సేవ్ చెయ్యకండి. అసలు ఫైలు అలాగే ఉంచి, సరిచేసినది వేరేగా పెట్టండి.

రికార్డు చేసేటప్పుడు 24 బిట్, 96 కిలోహెర్ట్‌జ్, డబ్ల్యూఏవీ ఫైలు. ప్లేటు మోనో అయినా రెండు చానళ్లూ తీసుకోండి. గాడి గోడల్లో ఒకటి ఎక్కువ అరిగి ఉంటుంది, తర్వాత మంచిదాన్ని ఎంచుకోవచ్చు. మూడు నిమిషాల వైపుకు వంద మెగాబైట్ల పైచిలుకు పడుతుంది. ఇప్పటి ఫోనో ప్రీయాంప్‌లలో (సూది నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే పెట్టెల్లో) ఉండే ఆర్‌ఐఏఏ సవరణ, అంటే మంద్ర, తార స్వరాల హెచ్చుతగ్గులు సరిచేసే ఏర్పాటు, ఎల్పీల కోసం చేసింది. దాని గుండా వెళ్తే 78 ప్లేటు గొంతు మూసుకుపోయినట్టు ఉంటుంది. వీలైతే ఆ సవరణ లేకుండా తీసుకుని తర్వాత సరిచెయ్యండి. చిటపటలు తీసే సాఫ్ట్‌వేర్‌ను సగానికి మించి తిప్పవద్దు. హల్లుల అంచులు, ముఖ్యంగా స, ష, చ, మొదట పోయేవి అవే. పద్యంలో మాట తెలియకపోతే ఇక వినడమెందుకు.

పది అంగుళాల ప్లేటులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. వేదికమీద ఆలాపనతో, వన్స్ మోర్లతో పావుగంట సాగే పద్యం ఇక్కడ రాగం కత్తిరించి, ఆదరాబాదరాగా ముగుస్తుంది. ప్లేటు విని 'ఆవిడ రాగం పెద్దగా పాడేవారు కాదు' అని తీర్పు చెప్పేవాళ్లు ఈ మూడు నిమిషాల సంగతి మరిచిపోతారు.

ఎవరి గొంతు?

1930ల టాకీల్లో నటులు కెమెరా ముందే పాడారు, వాద్యాలు ఫ్రేముకు బయట నడిచాయి. ఆ సినిమా పాట ప్లేటుగా వచ్చినప్పుడు అది సినిమాలోని శబ్దమే కానక్కర్లేదు. చాలాసార్లు గ్రామఫోన్ కంపెనీ స్టూడియోలో విడిగా మళ్లీ పాడించేవారు, ఒక్కోసారి వేరే గాయనితో. కాబట్టి ప్లేటు మీద పేరు ఉన్నంత మాత్రాన సినిమాలో పాడింది ఆవిడే అని తేలదు, లేనంత మాత్రాన పాడలేదనీ తేలదు. ప్రింటు దొరికితే తెరమీద పెదవులు, వాద్యాలు, నిడివి మూడూ పోల్చి చూడండి. ప్రింటు దొరకకపోతే సినిమా వరసలో ఆ గడి ఖాళీగానే ఉంచాలి. అప్పటి ఫిల్ము నైట్రేట్ మీద ఉండేది. తొందరగా అంటుకునేది, దానంతటదే కుళ్లిపోయేది. అందుకే తొలి టాకీల్లో చాలావాటికి ప్రింట్లు లేవు. పుణేలోని జాతీయ ఫిల్ము భాండాగారంలో ఏది ఉందో ఏది లేదో ముందే కనుక్కోవాలి.

నేపథ్యగానం స్థిరపడ్డాక లెక్క తిరగబడుతుంది. కన్నాంబను 1957 'తోడికోడళ్లు'లో, 1962 'ఆత్మబంధువు'లో చూసినవాళ్లకు ఆవిడ ఒకప్పుడు పాటతో సినిమా నడిపిన నటి అని తోచదు. వయసు పెరిగి తల్లి వేషాలకు వెళ్లారని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పట్టికలో వేషం గడిని, గొంతు గడిని పక్కపక్కన చదివితే వేరే సంగతి కనబడుతుంది. 1942 'కణ్ణగి' నుంచే ఆవిడ పేరు మాట మీద నిలబడటం మొదలైంది. తెలుగు తల్లిభాషగా ఉన్న నటి తమిళ సంభాషణ చెప్పిన తీరుకే అక్కడి జనం చప్పట్లు కొట్టారు. 'మనోహర'లో పద్మావతి పూర్తిగా మాటల వేషం. చిత్రాంగి, తిష్యరక్షిత ఇద్దరూ సవతికొడుకును కోరిన రాణులు, నాలుగేళ్ల తేడాలో రెండు భాషల్లో ఒకే రకం వేషం. అదే గొంతు పదమూడేళ్లు తిరిగేసరికి తల్లి పౌరుషంగా వినిపించింది. పద్యం చదివే ఊపిరి వచనంలోకి మారిందన్నది మా అభిప్రాయం. ఒప్పుకోకపోయినా పరవాలేదు, గడులు మాత్రం విడిగా ఉంచండి.

పాటల పుస్తకాలు, పత్రికలు

థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో తారాగణం, సాంకేతిక నిపుణులు, కథాసంగ్రహం, పాటలు ఉంటాయి. విడుదల తేదీ ఉండదు. సినిమా ఎడిటింగు పూర్తికాకముందే అచ్చుకు వెళ్లేవి కాబట్టి తీసేసిన పాటలు పుస్తకంలో ఉంటాయి, చివర్లో చేర్చినవి ఉండవు. పాత్రధారుల పేర్లకు మంచి ఆధారం, పాటల వరసకు కాదు. తుప్పు పట్టిన పిన్నులను గోటితో లాగకండి, కాగితం చిరుగుతుంది. పల్చటి ప్లాస్టిక్ ముక్క అడుగున దూర్చి కాళ్లు నిలబెట్టి తియ్యాలి. స్కాను 600 డీపీఐ, రంగుల్లో. నలుపు-తెలుపులో తీస్తే ఎవరో పెన్సిలుతో రాసుకున్న తేదీలు పోతాయి. ఒక్కోసారి అసలు ఆధారం అదే.

పత్రికా ప్రకటనల్లో 'వస్తున్నది', 'త్వరలో' అనే వాటిని విడుదలగా తీసుకోకూడదు. 'నేటినుండి' అని ఉండాలి. 'మూడవ వారం' అని ఉంటే కనీసం పద్నాలుగు రోజులు వెనక్కి లెక్క కట్టి, ఆ రోజు సంచిక తిరగెయ్యండి. ప్రింట్లు తక్కువ కావడంతో మద్రాసులో ఆడిన సినిమా బరంపురానికి నెలలు గడిచాక చేరేది. ఒక ఊరి ప్రకటన చూసి మొత్తం విడుదల తేదీ రాయకండి, ఊరి పేరుతో కలిపి రాయండి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, 1938 తర్వాత ఆంధ్రప్రభ చూడాల్సినవి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేసిన సంచికలు కొన్ని ఉన్నాయి. లేనివాటికి వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞానకేంద్రం. తమిళ సినిమాల పాటల పుస్తకాలకు చెన్నైలోని రోజా ముత్తయ్య గ్రంథాలయం. వెళ్లేముందు ఏ సంవత్సరం, ఏ నెలలు కావాలో చీటీ రాసుకుని వెళ్లండి. పాత సంచికల కట్టలు ఊరికే విప్పితే అంచులు పొడిపొడిగా రాలిపోతాయి.

1951కి ముందు సెన్సారు ఒక్కచోట లేదు. మద్రాసు, బొంబాయి, కలకత్తాలకు వేరువేరు బోర్డులు ఉండేవి. తెలుగు సినిమా బొంబాయిలోనో కలకత్తాలోనో తయారైతే సర్టిఫికెట్ అక్కడిదే అయ్యే అవకాశం ఎక్కువ. మద్రాసు కాగితాల్లో దొరకలేదని ఆగిపోకూడదు. సర్టిఫికెట్ మీద నిడివి అడుగుల్లో ఉంటుంది. 35 మి.మీ. టాకీ నిమిషానికి 90 అడుగులు. 18,000 అడుగులంటే 200 నిమిషాలు. ఇప్పుడు మీకు దొరికిన వీడియో గంటన్నరే ఉంటే అందులో ఏవో పాటలు పోయినట్టే. పాడే నటి సినిమాల్లో మొదట కత్తిరించేవీ పాటలే.

ఈ అడుగుల లెక్కకు ఇంకో ఉపయోగం ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ముడిఫిల్ము కొరత వచ్చి ప్రభుత్వం సినిమా నిడివిని 11,000 అడుగులకు, అంటే రెండు గంటలకు, కట్టడి చేసింది. సినిమాల సంఖ్యా తగ్గింది. 1943-46 మధ్య ఏ నటి పట్టికలోనైనా వరసలు పల్చబడితే 'అవకాశాలు తగ్గాయి' అని రాసే ముందు ఇది చూసుకోవాలి.

రెండు మూడు భాషలు

'మనోహర' 1954లో తమిళం, తెలుగు, హిందీల్లో వచ్చింది. 1951 'సౌదామిని' తెలుగు, తమిళం. ఆ సినిమా తీసిన కడారు నాగభూషణం కన్నాంబ భర్త. వాళ్ల సొంత సంస్థ రాజరాజేశ్వరీ ఫిల్మ్ కంపెనీ. ఇలాంటివాటికి భాషకొక వరస రాసి, 'విడిగా తీసిందా, డబ్బింగా' అని ఒక మాట చేర్చండి. విడిగా తీస్తే వేషం రెండుసార్లు కట్టినట్టు, డబ్బింగయితే ఒక్కసారే. 'ఎన్ని సినిమాల్లో నటించారు' అన్న అంకెలు ఒకరికొకరికి కుదరకపోవడానికి సగం కారణం ఇదే. సొంత సంస్థ సినిమాలను రంగు మార్చి గుర్తుపెట్టండి. నటిగా వచ్చిన అవకాశాలనూ నిర్మాతగా కల్పించుకున్న అవకాశాలనూ కలిపి చదివితే కెరీర్ ఎత్తుపల్లాలు తప్పుగా కనబడతాయి.

పెద్దవాళ్లను అడగడం

నాటకాలు చూసినవాళ్లు, హార్మోనిస్టుల కుటుంబాలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. 'ఏ సంవత్సరమండీ?' అని అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు. 'ఆంధ్రరాష్ట్రం రాకముందా, వచ్చాకా?', 'పోలీసు యాక్షన్ అప్పటికి అయిందా?', 'పెట్రోమాక్సు లైట్లా, కరెంటా?' అని అడగండి. పాటల పుస్తకమో ఫొటోనో చేతికిచ్చి కాసేపు మాట్లాడకుండా ఉండండి. పద్యం ఎత్తుకుంటే మధ్యలో ఆపొద్దు. ఏ మాట మార్చి పాడారో కూడా రాసుకోవాలి, నాటకాల్లో ఒక్కో నటికి ఒక్కో పాఠం నడిచేది. ఇలా వచ్చినవన్నీ 'గ'.

బయట పెట్టేముందు

మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకూ సినిమాకూ హక్కులు, ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1935 ప్లేటుకు ఆ గడువు ఎప్పుడో తీరింది. పద్యం రాసినవారి హక్కు వేరు, ఆయన పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1953లో పోయిన నాటకకవి బలిజేపల్లి లక్ష్మీకాంతం పద్యాలకు అది 2013తో అయిపోయింది. 1971లో పోయిన స్థానం నరసింహారావు పాటకు 2031 ముగిసేదాకా ఉంటుంది. ప్లేటు పాతదే కదా అని సాహిత్యం పూర్తిగా అచ్చు వేసేముందు ఈ రెండో తేదీ చూసుకోవాలి. ప్లేటు ఆడియో పెట్టేటప్పుడు కేటలాగ్, మ్యాట్రిక్స్ నంబర్లు, వాడిన సూది, వాయించిన వేగం, చేసిన సవరణలు వివరణలోనే రాయండి. లేబుల్ ఫొటో రెండు వైపులదీ పెట్టండి. అసలు ఫైళ్ల నకళ్లు రెండు వేరువేరు ఊళ్లలో ఉండేలా చూసుకుని, ఏడాదికోసారి తెరిచి వింటూ ఉండండి. హార్డ్ డిస్కులు చెప్పకుండానే పాడవుతాయి.